మొదటి శనివారం, ముందు తలుపు

హలో, హలో... అన్నలూ, అక్కలూ, తమ్ముళ్ళూ, వినపడుతోందా? చేతిలో పనుంటే ఉండనివ్వండి, ఒక చెవి ఇటు పారేయండి చాలు. ఒక బస్సు డ్రైవరు సంగతి చెప్తాను. పెద్ద కథేం కాదు. బస్సు ఈ చివర బయల్దేరి ఆ చివర చేరేలోపు ఆ మనిషి బుర్రలో ఏమేం తిరిగిందో, అంతే. చోటు చూసుకుని కూర్చోండి, బయల్దేరదాం.

తాళం తిప్పగానే ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి గొంతు సవరించుకుని, మూడోసారికి దారిలో పడింది. ఆయన కుడిచేత్తో లోపలి అద్దాన్ని కాస్త కిందికి వంచాడు. మామూలు రోజుల్లో ఆ అద్దంలో బస్సు మొత్తం కనపడాలి. నెలలో మొదటి శనివారం మాత్రం తన వెనకున్న సీటు కనపడితే చాలు. ఈ రోజు వంచడం ఎందుకు, వస్తుందో రాదో తెలియకుండానే వంచేశానే అనుకున్నాడు. మళ్ళీ పైకి లేపాడు. లేపితే మనసొప్పలేదు, మళ్ళీ వంచాడు. వెనక నించి కండక్టరు చూడనే చూశాడు. ఆ కండక్టర్ని డిపోలో అందరూ రేడియో అంటారు, ఆపే మీట లేదు కాబట్టి. "ఏం బావా, నున్నగా గడ్డం గీసుకొచ్చావ్, చొక్కా ఇస్త్రీ, అద్దంలో అందం చూసుకోడం! పెళ్ళిచూపులా?" అని అరిచాడు. "నోరు మూసుకుని టికెట్లు కొట్టవయ్యా" అన్నాడు ఆయన. రేడియో మూసుకోలేదు గానీ రైట్ రైట్ అన్నాడు. చొక్కా జేబులో కవరు గుండెకి గుచ్చుకుంటూ ఉంది. బస్సు డిపో గేటు దాటింది.

మంగళవారం నాడు కూతురికి పద్దెనిమిది నిండాయి. పద్దెనిమిది నిండేదాకా నెలనెలా తండ్రి ఖర్చులు ఇవ్వాలని విడాకులప్పుడు కోర్టు చెప్పింది, అప్పుడు దానికి ఏడేళ్ళు, ముందు పళ్ళు రెండూ ఊడి నవ్వితే కిటికీ తెరిచినట్టుండేది. ఇచ్చాడు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా బస్సెక్కి ఇచ్చాడు. మొన్న యూనియన్ లాయరు భుజం మీద చెయ్యేసి, "అయిపోయింది గురూ, ఇక నువ్వు రూపాయి కట్టక్కర్లేదు, పార్టీ ఎప్పుడు?" అన్నాడు. పార్టీ! ఆయన భుజం మీది చెయ్యి తీసేశాడు. ఎందుకంటే ఆ డబ్బుతోనే కదా పిల్ల వచ్చేది. డబ్బు ఇవ్వడానికి ఆయన, తీసుకోడానికి అది, నెలకోసారి. ఇప్పుడు ఇవ్వాల్సిన పని లేదంటే రావాల్సిన పనీ లేదనేగా. పోనీ కోర్టు చెప్పకపోయినా ఇస్తాను, నా బిడ్డ, పద్దెనిమిది నిండిన మర్నాడు ఆకలి వేయడం మానేస్తుందా, కాలేజీ వాళ్ళు ఫీజు వద్దంటారా. అయితే ఇస్తే ఏమవుతుంది? నా మొహం చూడ్డానికి డబ్బులిస్తున్నట్టు ఉంటుంది. ఇవ్వకపోతే? గడువు తీరగానే చేతులు దులుపుకున్నాడు నాన్న అనుకుంటుంది. ముందుకెళ్తే గొయ్యి, వెనక్కెళ్తే గోడ, రివర్సు గేరు కూడా పడని చోట ఇరుక్కున్నట్టుంది. ఎర్ర లైటు పడింది. ఆగాడు. పచ్చ పడినా ఆగే ఉన్నాడు. వెనక కార్లు గోల పెట్టాయి.

బ్యాంకులో వేస్తానన్నాడు ఆ రోజుల్లో. పిల్ల వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. రక్తపరీక్షల ల్యాబులో పని ఆవిడకి, సూది గుచ్చినంత సూటిగా మాట్లాడేది. "చేతికే ఇవ్వాలి. దాని చేతికి. నువ్వే ఇవ్వాలి." అంతే, ఇంకో మాట లేదు. నామీద అంత నమ్మకం లేదా అనుకుని ఆయన రోషపడ్డాడు, సరే చేతికే ఇస్తానని పంతం పట్టాడు. శనివారం ఆయనకి సెలవు దొరకదు, ఆవిడకీ ల్యాబు ఉంటుంది. అందుకని ల్యాబు ముందున్న స్టాపులో పిల్లని బస్సెక్కించేది. పిల్ల ఆ చివరిదాకా వెళ్ళి, ఇదే బస్సులో వెనక్కి వచ్చి, మళ్ళీ అక్కడే దిగేది. అప్పటికి వాళ్ళమ్మ పని అయిపోయేది. చివరి స్టాపులో బస్సు ఆగేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలే తండ్రీ కూతుళ్ళ లోకం. అప్పుడే డబ్బు కవరు ఇచ్చేవాడు, అది దాన్ని లెక్కల పుస్తకంలో పెట్టుకునేది, ఒక బిస్కెట్ ప్యాకెట్టు ఇద్దరూ తినేవాళ్ళు, చివరి బిస్కెట్టు కోసం కొట్టుకునేవాళ్ళు. పిడుగు అని పేరు పెట్టాడు ఆయన. మొదటి రోజే బస్సెక్కి, స్టాఫ్ పిల్లలకిచ్చే పాసు ఆయన ముక్కుకి ఆనించి, "చూడండి డ్రైవర్ గారూ, సరిగ్గా చూడండి, ఫొటోలో నేనే" అంది. పాసున్నవాళ్ళు ముందు తలుపులో ఎక్కి డ్రైవరుకి చూపించాలి, టికెట్ కొనేవాళ్ళు వెనక తలుపులో కండక్టరు దగ్గర ఎక్కాలి, అదీ ఆ బస్సుల పద్ధతి. పిడుగు ప్రతిసారీ పాసు చూపించేది, ఆయన ప్రతిసారీ కళ్ళు చికిలించి చూసి, "ఫొటోలో అమ్మాయి అందంగా ఉందే, నువ్వేనా?" అనేవాడు.

రోడ్డు మధ్యలో కేబుల్ వాళ్ళు గుంత తవ్వారు, పక్కనించి తిప్పుకోవాలి, వెనక్కాలు అంచు మీద ఎక్కి దిగింది, బస్సంతా ఒక్కసారి ఎగిరి కూర్చుంది. "నాయనా, మెల్లిగా, నా కట్టుడు పళ్ళు!" అంది ఒక ముసలమ్మ. బండి కదిలేటప్పుడు డ్రైవరుతో మాట్లాడకూడదు, ఆయన తల మీదే రాసి ఉంటుంది. అందుకని పిడుగు మాట్లాడేది కాదు, తన్నేది. సీటు వెనక్కి కాళ్ళు ఆనించి కూర్చునేది. ఏడేళ్ళప్పుడు ఆ బూట్లు ఆయన నడుము దగ్గర తగిలేవి, దరువేస్తున్నట్టు టకటకమని. తర్వాత తర్వాత పాదాలు పోయి మోకాళ్ళు వచ్చాయి. పోయినేడు మోకాళ్ళు భుజాల కింద గుచ్చుకున్నాయి. గోడ మీద గీతలు గీసి పిల్లల ఎత్తు చూస్తారే అలా, ఆయన వీపు మీదే పెరిగింది ఆ పిల్ల. అద్దంలో కూడా అంతే. మొదట్లో నుదురు, రెండు రిబ్బన్లు కనపడేవి. ఒకేడాదికి కళ్ళొచ్చాయి. ఆ కళ్ళు వాళ్ళమ్మవి, ఆ కళ్ళలోని వెటకారం మాత్రం ఎవరిదో మరి. తర్వాత ముక్కు, గడ్డం, ఒకసారి గడ్డం మీద మొటిమ, దాన్ని చేత్తో మూసుకుని కూర్చుంది దారంతా. ఒక శనివారం అద్దంలో ఏడుస్తూ కనపడింది. కదిలే బస్సులో అడగడానికి లేదు. ఆ గంటసేపు ఆయన స్టీరింగుని పీక పిసికినట్టు పట్టుకున్నాడు. చివర దిగాక అడిగితే, "ఏం లేదు నాన్నా, స్నేహితురాలితో కటీఫ్" అంది. ఓస్ అనుకున్నాడు. కానీ ఆ గంటలో ఆయన మనసులో ఎంతమందిని చంపాడో, ఎన్ని ఇళ్ళ తలుపులు బద్దలుకొట్టాడో ఆయనకే తెలుసు.

ఎందుకు విడిపోయారయ్యా అని అడిగితే ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఆవిడకి కిటికీ తెరిచి ఉండాలి, ఈయనకి మూసి ఉండాలి. పొద్దస్తమానం హారన్లు విని వచ్చినవాడికి ఇంట్లో చప్పుడు ఉండకూడదు. పొద్దస్తమానం గాజు గొట్టాలతో నోరు మూసుకుని పనిచేసినావిడకి ఇంట్లో మాట్లాడే మనిషి కావాలి. ఇద్దరూ మంచివాళ్ళే. ఒక గదిలో పెడితేనే చెడ్డవాళ్ళయ్యేవాళ్ళు. మొన్న బుధవారం ఆవిడ ఫోనులో మెసేజీ పెట్టింది. ఇక నువ్వు ఇవ్వాల్సిందేమీ లేదు, ఇన్నేళ్ళలో ఒక్క నెల కూడా తప్పలేదు, థ్యాంక్స్ అని. ఆ థ్యాంక్స్ ఆయన మళ్ళీ మళ్ళీ తీసి చదివాడు. పంపు రిపేరు చేసినవాడికి చెప్తాం థ్యాంక్స్, పని అయిపోయింది వెళ్ళిరా అని. పుట్టినరోజు నాడు పిడుగుకి ఫోను చేశాడు. అవతల నవ్వులు, పాటలు, ఎవడో బెలూను పగలగొట్టాడు. "నాన్నా, ఏం వినపడట్లేదు, మళ్ళీ చేస్తా" అంది. మళ్ళీ చెయ్యలేదు. మళ్ళీ ఈయన చేయొచ్చు కదా అంటే, చేతికి ఫోను వస్తుంది గానీ వేలు ముందుకెళ్ళదు. శనివారం వస్తున్నావా అని అడిగితే రాలేనని చెప్పే అవకాశం ఇచ్చినట్టేగా. అడక్కపోతే కనీసం శుక్రవారం దాకా వస్తుందనే అనుకోవచ్చు.

మార్కెట్టు దాటింది. ఒకాయన కుట్టుమిషను తలకాయని చంటిపిల్లలా ఎత్తుకుని ఎక్కాడు. ఇంకా నాలుగు స్టాపులు. ఏం చెప్పాలో ఆయన మూడు రోజులుగా తయారుచేసుకుంటున్నాడు. కవరు అందించి, మామూలుగా, గాలి మాటలాగా, "కాలేజీకి పనికొస్తుంది, ఉంచు" అనాలి. వద్దంటే? "మీ అమ్మకివ్వు" అనాలి. అమ్మే వద్దందంటే? అప్పుడు ఇంకోటి ఉంది, "కోర్టువాళ్ళు ఇంకో మూడేళ్ళు పొడిగించారమ్మా, ఏం చేస్తాం, చట్టం" అని అబద్ధం ఆడేయాలి. ఈ ఆలోచన నిన్న స్నానం చేస్తుంటే వచ్చింది, వచ్చినప్పుడు బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు, ఎండలో, పక్కన లారీవాడు హారను మోగిస్తుంటే, పిచ్చి ఆలోచన అనిపించింది. పిడుగు కోర్టుకే ఫోను చేసి కనుక్కునే రకం. మూడు స్టాపులు. రెండు. చెమట కణతల మీదనించి కాలరులోకి దిగింది. మలుపు తిరిగితే ల్యాబు స్టాపు.

మలుపు తిరిగింది. జనం గుంపుగా ఉన్నారు. శనివారం, ల్యాబు, పక్కనే కంటి డాక్టరు. ముందు తలుపు బుస్సుమని తెరుచుకుంది. పాసులు ఎక్కుతున్నాయి. నర్సు యూనిఫారం ఒకటి. చేతికర్ర ఒకటి, దాని వెనక ముసలాయన. కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు, ఇద్దరి చెవుల్లోనూ ఒకటే వైరు. ఇంకో నర్సు. తర్వాత ఎవరూ లేరు. తలుపు తెరిచే ఉంది. మెట్టు మీద ఎండ పడి ఉంది, అంతే. ఆయన మెడ చాచి ల్యాబు గేటు వైపు చూశాడు, పరుగెత్తుకొస్తుందేమో, ఎప్పుడూ ఆఖరి నిమిషంలో జడ ఊడిపోతూ వచ్చే పిల్లే కదా. వెనక నించి రేడియో రైట్ రైట్ అన్నాడు. ఆయన కదల్లేదు. మళ్ళీ రైట్ అన్నాడు. "ఏం బాబూ, బస్సు అత్తారింటికొచ్చిందా, కాళ్ళు కడుక్కుని భోంచేసి గానీ కదలదా?" అంది ముసలమ్మ. "డ్రైవరు నిద్రపోయాడేమో చూడండ్రా" అన్నాడు ఇంకెవడో. కుట్టుమిషనాయన, "నాకు బరువుగా ఉంది సార్, దయచేసి" అన్నాడు. వెనక కార్లు, కార్ల వెనక ఇంకో బస్సు. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. వాచీ వైపు చూడలేదు, చూస్తే వెళ్ళిపోవాల్సి వస్తుంది. చివరికి చెయ్యి దానంతటదే మీట నొక్కింది. తలుపు మూసుకుంది.

అద్దంలో ఆయన వెనక సీటులో ఎవరో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పరాయి మనిషి నిద్ర. వీపుకి ఏమీ తగలడం లేదు. అరే, ఎందుకు రావాలి, అని తనకి తనే చెప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ పిల్ల శనివారం పొద్దున్నే లేచి ఎవడో తండ్రి వీపు చూడ్డానికి బస్సులో రెండు గంటలు కూర్చోవాలా, సినిమాలు లేవా, స్నేహితులు లేరా, దుప్పటి ముసుగు పెట్టి పడుకునే సుఖం లేదా. పడుకుని ఉంటుంది. పడుకోనీ. నోటి పక్కన చెయ్యి పెట్టుకుని పడుకునేది చిన్నప్పుడు, చెంప మీద వేళ్ళ అచ్చులు పడేవి, ఇప్పుడెలా పడుకుంటుందో. నాకు తెలియదు. నా కూతురు ఎలా పడుకుంటుందో నాకు తెలియదు. ఏ కూర అంటే చిరాకో తెలియదు, బిస్కెట్లంటే ఇష్టమని మాత్రం తెలుసు, అది కూడా నేను తెచ్చాను కాబట్టి తినేదేమో. ఒక్క క్షణం కోపం వచ్చింది, ఇన్నేళ్ళు మోశాను కదా ఈ కవరు అని. ఆ కోపం తర్వాతి స్టాపుకే దిగిపోయింది. ఎక్కినవాళ్ళు దిగుతారు, ఎక్కడ దిగాలో వాళ్ళిష్టం, డ్రైవరు అడక్కూడదు. డబ్బు మాత్రం ఇస్తాను, కోర్టుకి అవసరం లేకపోయినా నాకు అవసరం, దాని కాలేజీ అయ్యేదాకా ఇస్తాను, ల్యాబు కౌంటరులోనైనా పడేసి వస్తాను, అది వచ్చినా రాకపోయినా. ఈ మాట అనుకోగానే మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి పొట్టదాకా వెళ్ళింది. ఏడుపు కూడా దాని వెంటే బయల్దేరింది గానీ స్టీరింగు పట్టుకున్నవాడు ఏడవకూడదు, రోడ్డు మసకబారుతుంది. "హోల్డాన్! హోల్డాన్! బావా, స్టాపు దాటేశావ్!" అని రేడియో బస్సు గోడ దబదబా బాదాడు. దిగాల్సినవాళ్ళు తిట్టుకుంటూ దిగారు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన స్టాపు దాటేయడం అదే మొదటిసారి.

చివరి స్టాపు. జనం దిగారు. నిద్రపోయినాయన్ని ముసలమ్మ గొడుగుతో పొడిచి లేపింది. ఇంజను ఆపాక వచ్చే ఆ నిశ్శబ్దంలో ఆయన స్టీరింగు మీద తల ఆనించాడు. బిస్కెట్ ప్యాకెట్టు సీటు పక్కనే ఉంది. తెచ్చాడు మరి, అలవాటు. రేడియో వచ్చి పక్కన నిలబడ్డాడు. తల ఎత్తి చూస్తే, వాడి మొహం నిండా ఆపుకుంటున్న నవ్వు.

"బావా, వెనకొక ప్యాసింజరు దిగనంటోంది. టికెట్ కొన్నాను, డ్రైవరు మీద కంప్లయింటు ఉంది, ఇక్కడికే రమ్మనండి అంటోంది. నాకెందుకొచ్చిన గొడవ, నువ్వే చూసుకో."

ఆయన వెనక్కి తిరిగాడు. ఆఖరి సీటులో, కిటికీ పక్కన, మోకాళ్ళు పైకి ముడుచుకుని పిడుగు. ఆయన లేచాడో ఎగిరాడో తెలియదు. బస్సు మధ్యలోకి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు.

"ఎక్కడ ఎక్కావే?"

"అమ్మ స్టాపులోనే."

"నేను చూశానుగా!"

"ముందు తలుపు చూశావు. నాకు పాసు ఎక్కడుంది నాన్నా? స్టాఫ్ పిల్లల పాసు కూడా పద్దెనిమిదికే అయిపోతుందిగా. టికెట్ కొని వెనక ఎక్కాను." టికెట్ ముక్క చూపించింది. "మీ రేడియో అంకుల్ చిల్లర కూడా సరిగ్గా ఇవ్వలేదు."

"అమ్మా, నా పరువు!" అన్నాడు రేడియో, తలుపు దగ్గర నించి. తర్వాత ఆ ఆపే మీట లేని మనిషి కూడా తనంతట తనే దిగి బయటికి వెళ్ళాడు.

కోర్టు గడువు అయిపోయిందని మూడు రోజులు కుమిలిన మనిషికి, పాసు గడువు కూడా అదే రోజు అయిపోతుందని తట్టనే లేదు. రోజూ పాసులు చూసే ఉద్యోగం!

"ముందుకి రావచ్చుగా" అన్నాడు.

"ఎలా రాను, ఆ జనంలో? కుట్టుమిషనాయన అడ్డంగా గోడలా నిలబడ్డాడు." టికెట్ ముక్కని మడిచింది. "ఊరికే కూడా రాలేదులే. చూద్దామనుకున్నా."

"ఏం చూద్దామని?"

"ఇన్నాళ్ళూ నేను డబ్బు కోసం వచ్చేదాన్నో, నీ కోసం వచ్చేదాన్నో నాకే తెలిసేది కాదు నాన్నా. అమ్మ పంపేది, వచ్చేదాన్ని. నువ్వు కూడా ఇవ్వాలి కాబట్టి ఎదురుచూసేవాడివో, నాకోసమో... అందుకే ఈసారి టికెట్ కొన్నా."

"తెలిసిందా మరి?"

"వెనక సీట్లో కూర్చుంటే నడుం విరుగుతుందని తెలిసింది." నవ్వబోయి ఆపింది. "స్టాపులో అందరూ తిడుతుంటే కదల్లేదు కదా నువ్వు. ఆ ముసలావిడ అత్తారిల్లంది, అప్పుడు కూడా కదల్లేదు. అప్పుడు తెలిసింది."

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. మూడు రోజులు తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. కవరు మాత్రం వచ్చింది. పిడుగు దాన్ని చూసి, ఆయన చెయ్యి మూసి, మళ్ళీ జేబులోనే పెట్టింది.

"కాలేజీ ఫీజుకి ఇస్తావని తెలుసు. వద్దనను, నా దగ్గరేం లేవు. అమ్మకి బ్యాంకులో వేసేయ్. సగం నువ్వు, సగం ఆవిడ, మీరూ మీరూ తేల్చుకోండి, కొట్టుకోండి. నా చేతికి మాత్రం ఇవ్వకు."

"మీ అమ్మకి బ్యాంకంటే పడదుగా. చేతికే ఇవ్వమనేది. నామీద నమ్మకం లేక."

"పిచ్చి నాన్నా" అంది పిడుగు. "బ్యాంకులో వేస్తే నేను నీ వీపు కూడా చూసేదాన్ని కాదని. అమ్మే చెప్పింది, మంగళవారం రాత్రి. ఏడ్చింది కూడా, నేను చెప్పానని చెప్పకు."

ఆయన కమ్మీ వదల్లేదు.  ఎన్నో ఏళ్ళ రోషం, ఎంత జాగ్రత్తగా దాచుకున్నాడో, అది ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. థ్యాంక్స్ అని పంపినప్పుడు ఆవిడ ఎలాంటి మొహంతో పంపిందో, ఇప్పుడు మొదటిసారి ఆ మొహం కనపడింది. పది నిమిషాలు అయిపోతున్నాయి. ఇంకో బస్సు వెనక వచ్చి నిలబడింది.

"నీ డ్యూటీ ఎన్నింటికి దిగుతావు?" అంది పిడుగు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని ప్రశ్న. ఎప్పుడూ అది ల్యాబు దగ్గర దిగేది, ఈయన బస్సు తీసుకుని వెళ్ళిపోయేవాడు.

"మూడింటికి."

"అయితే డిపో దాకా వస్తా. ఆ తర్వాత ఎటైనా వెళ్దాం. నువ్వు నడపకుండా."

మూడు దాటాక ఇద్దరూ ఎవరిదో బస్సెక్కారు, ఎక్కడికో కూడా అడక్కుండా. పిడుగు కిటికీ పక్కన, ఆయన దాని పక్కన. అద్దంలో కాకుండా పక్కనించి చూస్తే చెవి కింద చిన్న పుట్టుమచ్చ ఉంది దానికి, అది ఉందని ఆయనకి తెలియనే తెలియదు. దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, కదిలే బస్సులో. స్టాపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు మాత్రం బ్రేకు అనుకుని నేలని గట్టిగా తొక్కుతోంది. పిడుగు రెండు స్టాపులు చూసింది, మూడో స్టాపులో తన కాలు తీసుకొచ్చి ఆయన కాలి మీద పెట్టింది.

"వదిలెయ్ నాన్నా" అంది. "ఆయన ఆపుతాడులే."

అదండీ సంగతి. ఇక ఒక్క సాయం చేసిపెట్టండి. మీకు తెలిసిన తండ్రో, తల్లో, పెరిగిన పిల్లలకి ఫోను చేయడానికి వేలు ముందుకెళ్ళక కూర్చున్నవాళ్ళుంటే, ఈ కథ వాళ్ళకి పంపించండి. ఆ పిల్లలకి కూడా పంపితే ఇంకా మంచిది. ఉంటాను మరి, జాగ్రత్త.